ఆకలి ఉండే చోటు

ఆరో ముద్ద. కాదు, ఏడు. మధ్యలో ఒకసారి గాజులు పైకి జరిగిన చప్పుడైంది గానీ కిందికి జారిన చప్పుడు రాలేదు, అంటే శంకరమ్మ చెయ్యి ఎత్తి పట్టుకుంది, తమ్ముడు మొహం తిప్పుకున్నాడు, ఆ చెయ్యి అట్లాగే ఆగి ఉంది, చిల్కూరు నుంచి ఇంత బరువు మోసుకొచ్చిన చెయ్యి, ఎంతసేపని ఆగుతుంది పాపం, ఆఖరికి గాజులు జారి గిన్నెకు తగిలాయి, అంటే ముద్ద లోపలికి పోయినట్టే. ఏడు అనే వేసుకుంటాను. ఓరి దేవుడా, ఏడు ముద్దలు! పదకొండు రోజుల తర్వాత. నేను అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చుని ఇదంతా చెవులతోనే కనిపెడుతున్నాను. లోపలికి తొంగి చూడొద్దని నాకు ఆజ్ఞ. మా అమ్మ కరుణమ్మ, మేము అవ్వ అంటాం, గడప మీద అడ్డంగా కూర్చుని మరీ చెప్పింది: "నువ్వు చూస్తె వాడు మింగడు కొడుకా. నీ చూపుల తరాజు ఉంటది." తరాజట, తూచే త్రాసు! ముప్పై ఒక్కేళ్లొచ్చాయి, నగరంలో వైద్య కళాశాలలో పాఠం చెబుతాను, ఆకలి మెదడులో ఎక్కడ ఉంటుందో వెతకడమే నా పని, ఆరేళ్లుగా వేరే పని పెట్టుకోలేదు, అట్లాంటి సాముయేలు సారు సొంత తమ్ముడు నాలుగు మెతుకులు తింటుంటే చూడడానికి పనికిరాకుండా పోయాడు. సరే, పనికిరాను. వాణ్ణి తిననీ. నేనిక్కడే కూర్చుంటాను.

ఎనిమిది. ఇది తేలిగ్గానే పోయింది. మొయినాబాదు సడక్ మీద ఇవాళ కూడా బస్సు లేదు, అరవై తొమ్మిది మొదలైనప్పటి నుంచి ఈ ఆరు నెలల్లో బంద్ అంటే మాకు ఆదివారం లాగా అలవాటైపోయింది, చేవెళ్ల వైపు నుంచి ఒక ఎడ్లబండి తప్ప పొద్దున్నుంచి ఏదీ పోలేదు. అందుకే లోపలి చప్పుళ్లు ఇంత బాగా వినిపిస్తున్నాయి, ఆ మేలు ఒకటి. ఈ సడక్ మీదనే ఆ రోజు మా తమ్ముడు స్వామిదాసును ఎవరిదో లారీలో పడుకోబెట్టి తెచ్చారు. తల వెనక నాలుగు కుట్లు, చొక్కా నిండా రక్తం, ఆ రక్తంలో వాడిది కొంచెమే, మిగతాదంతా రాజమౌళిది. రాజమౌళి ఈ శంకరమ్మ కొడుకు, ఒక్కడే కొడుకు. ఆరో తరగతి నుంచీ వీడికి జత. బడిలో ఒకే బెంచీ, నగరంలో కాలేజీకి పోయాక ఒకే కిరాయి గది, ఒకే సైకిలు, ఒకే సద్ది మూట. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్డెక్కారు కదా, వీళ్లూ ఎక్కారు. ఆ రోజు ఊరేగింపు ఒక కూడలి దాకా పోయింది, తుపాకులు పేలాయి, రాజమౌళి పడిపోయాడు, తొక్కిడిలో స్వామిదాసు వెల్లకిలా పడి రాయికి తల కొట్టుకున్నాడు. నాకు తెలిసింది ఇంతే. అంతకు మించి వాడు నోరు విప్పలేదు. అన్నం ముందు పెడితే చూసేవాడు, చూసి పక్కకు జరిపేవాడు. మొదటి రెండు రోజులు దుఃఖం అనుకున్నాను. మూడో రోజు నుంచి నా చదువు నన్ను పట్టుకుంది.

నా చదువేమిటంటే, మెదడు అడుగున నువ్వుగింజంత చోటు ఒకటి ఉంది. ఎలుకకూ ఉంది, మనిషికీ ఉంది. ఎలుక తలలోకి సన్నటి గొట్టం దించి అక్కడ ఒక మందు చుక్క వేస్తే, కడుపు నిండిన ఎలుక కూడా లేచి వచ్చి వారం పస్తున్నట్టు తింటుంది. ముందే ఇంకో మందు వేసి ఉంచితే ఈ చుక్క పని చేయదు, ఎలుక మీసాలు సవరించుకుంటూ కూర్చుంటుంది. అంటే మందును అందుకునేది ఏదో అక్కడ ఉంది, ముందే వేరేది వచ్చి ఆ చోటు ఆక్రమించుకుంటే ఇది అందదు. అందుకునేవాటికి గ్రాహకాలని పేరు పెట్టుకున్నాం గానీ అవి ఎట్లా ఉంటాయో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఒకసారి అవ్వకు ఇదంతా చెబితే, చేటలో బియ్యం చెరుగుతూ విని, "కనబడని దాన్ని నమ్మి ఆరేండ్ల సంది పాటుపడుతున్నవు, మరి ప్రార్థనకు రమ్మంటె ఏం రోగం రా నీకు?" అని అడిగింది. అయితే ఆ చోటుకు పక్కనే ఇంకో చోటుంది, అది దెబ్బతింటే మాత్రం నవ్వులాట కాదు. పదిహేడో నంబరు ఎలుకకు అదే అయింది, నా చెయ్యి జారి గొట్టం పక్కకు పోయింది. గిన్నె నిండా తిండి ఉండగా, ఆ గిన్నె అంచు మీద తల పెట్టుకుని ఆరో రోజున చచ్చిపోయింది. ఆకలితో కూడా కాదు, ఆకలి లేక చచ్చిపోయింది. స్వామిదాసు కంచం పక్కకు జరిపిన ప్రతిసారీ నాకు పదిహేడో నంబరే కనిపించింది. తల వెనక దెబ్బ తగిలితే మెదడు ముందుకు పోయి ఎముకకు కొట్టుకుంటుంది, అడుగున నలుగుతుంది, అట్లా అయినవాళ్లు ఉన్నారు, పుస్తకాల్లో ఉన్నారు. దవాఖానలో డాక్టరు వాడి కళ్లలోకి లైటు కొట్టి చూసి, "ఏం ఫికర్ చెయ్యకుండ్రి, భయపడ్డడు, గంతే" అన్నాడు. ఆయనకు గుర్తు లేనివన్నీ నాకు గుర్తున్నాయి, అదే వచ్చింది చావు.

తొమ్మిది, పది. రెండూ వెంటవెంటనే. పక్క గదిలో బోనులు కదులుతున్నాయి, కూర వాసన వీటికీ తగిలినట్టుంది. కాలేజీ మూతపడి, జంతువుల గది చూసే మనిషి కూడా రావడం మానేశాక, మిగిలిన ఎనిమిది ఎలుకల్నీ రెండు బోనుల్లో పెట్టి దుప్పటి కప్పి బస్సులో తెచ్చుకున్నాను. కండక్టరు దుప్పటి ఎత్తి చూసి, "మా ఇంట్ల గివే ఉన్నయి సార్, వాటిని సుత తీస్కపోరాదు" అన్నాడు, బస్సంతా నవ్వింది. వాటితో పాటు నా తరాజు, నా నోటుబుక్కు కూడా వచ్చాయి. రోజూ పెట్టిందెంత, మిగిలిందెంత, ఆరేళ్లుగా ఇదే రాస్తున్నాను, చెయ్యికి వేరేది రాదు. అందుకే ఆ పని చేశానేమో. నాలుగో రోజు స్వామిదాసు రెండు మెతుకులు కతికి లేచిపోతే, అవ్వ చూడకుండా ఆ కంచంలో మిగిలిన అన్నం తీసుకుపోయి తూచాను. అయిదో రోజూ తూచాను. ఎలుకల పేజీకి ఎదురు పేజీలో వాడి పేరు రాసి, కింద పెట్టింది, మిగిలింది అని రెండు గీతలు కొట్టాను. ఆరో రోజు పొద్దున వాడు ఆ బుక్కు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "అన్నా, నేను పద్దెనిమిదో నంబరా?" అన్నాడు. పదిహేడోదాని సంగతి నేనే వాడికి చెప్పాను, ఆ రోజు నా మనసు బాగాలేక చెప్పుకున్నాను. ఆ మాట తర్వాత ఆ రెండు మెతుకులు కూడా పోయాయి. అవ్వ మజ్జిగ కలిపి ఇస్తే తాగుతాడు, నీళ్లు తాగుతాడు, గోడకు తిరిగి పడుకుంటాడు. మందు ఎక్కడ వెయ్యాలో తెలిసినవాణ్ణి, మాట ఎక్కడ తగులుతుందో తెలుసుకోలేకపోయాను. నేను చేసిన తప్పుల్లో అంతకు మించింది లేదు.

పదకొండు. అవ్వ గడప మీదనే ఉంది, నా వైపు వీపు. ఆ వీపు కూడా పదకొండు రోజుల్లో చిక్కిపోయింది. ఏం చేయలేదు తను! మిరుగు నాడు, మృగశిర కార్తె మొదటి రోజున, గండిపేట చేపలు తెప్పించి పులుసు పెట్టింది, ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా దగ్గు పడుతుందని బెదిరించింది, బతిమాలింది, కొట్టడానికి చెయ్యెత్తింది. చర్చి ఆడవాళ్లు పదిమంది వచ్చి ఉపవాస ప్రార్థన పెట్టారు, తినని వాడి కోసం వీళ్లంతా తినకుండా కూర్చోవడం ఏమిటని నేను గొణిగితే, అవ్వ నన్ను చూసిన చూపు ఉందే! మా ఇంట్లో పూటపూటకూ వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి చర్చికని కుండలో వేస్తుంది. ఈ పదకొండు రోజులూ రెండు పిడికెళ్లు వేసింది. వాడు తినని ముద్దనే తీసి దాస్తున్నదని అర్థమైంది.

అట్లాంటి ఇంటికి మధ్యాహ్నం ఈ శంకరమ్మ వచ్చింది. నెత్తి మీద గిన్నె, గిన్నె మీద తడిగుడ్డ, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. నేను లేచి నిలబడ్డాను, కొడుకు పోయిన పదకొండో రోజు ఆమె నా గుమ్మంలో ఎందుకుందో నాకు అర్థం కాలేదు. ఇవాళ వాళ్లింట్లో పిట్టకు పెట్టే రోజు. పోయినవాడికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, పొలం గట్టున ఉంచి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందా, వాడి మనసు నిండింది. ముట్టలేదా, ఏదో మిగిలిపోయింది, అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు పోయి, నీ అవ్వను చూసుకుంటాం, నీ నాయనను చూసుకుంటాం, ఇక ముట్టు బిడ్డా అని మాటిచ్చి వస్తారు. పిట్ట ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు. మా తాతల కాలంలో మాకూ ఉండేదట, చర్చిలో చేరాక మానేశాం. శంకరమ్మ గిన్నె దించుకుని, "అక్కా, నా కొడుక్కని వండిన కూడు. నీ కొడుక్కు నా చేతులతోని పెట్టనిస్తవా?" అంది. నేను అవ్వ మొహం చూశాను. చచ్చినవాళ్లకు పెట్టింది, విగ్రహానికి పెట్టింది మా ఇంట్లోకి రాదు. చిల్కూరు గుడికి పోయొచ్చిన వాళ్లు కొబ్బరి ముక్క ఇచ్చినా దండం పెట్టి వెనక్కి ఇచ్చే మనిషి మా అవ్వ. అటు శంకరమ్మ వాళ్లు కూడా మా వాడకు వస్తే అరుగు దాటరు, మంచినీళ్లు ముట్టరు, రాజమౌళి ఒక్కడే అన్నీ దాటి వంటింట్లోకి వచ్చి, "మా అవ్వకు చెప్పకు పెద్దమ్మా" అని గిన్నెలు నాకేవాడు. ఇప్పుడు వాడి అవ్వే గిన్నె పట్టుకుని నిలబడింది. మా అవ్వ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. అయిపోయింది, వెనక్కి పంపిస్తుంది అనుకున్నాను. కళ్లు తెరిచి, "దేవుడు అడిగితె నేను చెప్పుకుంట. నువ్వు లోపలికి రా చెల్లె" అని పక్కకు జరిగింది.

పన్నెండు. కాదు, ఆగింది. గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఏమైంది? చాలన్నాడా? వాంతికొస్తున్నదా? పదకొండు రోజులు ఎండిన కడుపు, ఒక్కసారిగా మాంసం కూర పెట్టొద్దని చెప్పాల్సింది, చింతచిగురు వేసిన పొట్టేలు కూర, రాజమౌళికి ప్రాణం అది, గంజి పట్టాల్సిన వాడికి అదా పెట్టేది! లేవబోయాను. అవ్వ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి నా మోకాలు మీద పెట్టింది. అప్పుడు వాడి గొంతు వినిపించింది. ఆరో రోజు నుంచి వాడకుండా పెట్టిన గొంతు, రాజమౌళి పిలిచినట్టే శంకరమ్మను అవ్వా అంటూ.

"నేను తింటున్న అవ్వా."

"యాడ తింటున్నవు, మూతి ముడుసుకుని కూసున్నవు."

"ఇప్పుడు గాదు. ఆ పొద్దుగాల. పోదాం పా అన్నడు వాడు. నువ్వు నడువు, నేను తిని వస్త అన్న. నువ్వు పంపిన జొన్నరొట్టెలు. జల్ది రా, నా పాలు రొట్టెలు సుత నువ్వే తిను అని పోయిండు. నేను వాని పాలు సుత తిన్న. తింటుంటెనే తుపాకుల చప్పుడు ఇనొచ్చింది. అందరు ఇటు ఉరుకుతున్నరు, నేను అటు ఉరికి, పడ్డ వాన్ని ఎత్తుకున్న. నోట్ల రొట్టె ఇంక అట్లనే ఉన్నది."

అవ్వ చెయ్యి నా మోకాలు మీద బిగుసుకుంది. ఒక తల్లికి చెప్పాల్సిన మాటేనా ఇది, నీ కొడుకు చస్తున్నప్పుడు నేను వాడి రొట్టె తింటున్నాను అని? శంకరమ్మ ఇప్పుడు లేచి వెళ్లిపోతుంది. లేదా తల బాదుకుంటుంది. ఏం చేసినా తప్పు లేదు. గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్న చప్పుడైంది.

"ఏంటితోని తిన్నవు?" అంది శంకరమ్మ.

"చింతకాయ తొక్కుతోని."

"నేను పంపినదేనా?"

"ఊ."

"మంచిగుండెనా?"

వాడు ఏడుస్తున్నాడు. ఏడుపులోనే ఏదో అన్నాడు, మంచిగుండె అన్నాడనుకుంటాను.

"ఇద్దరికని జేసి పంపిన బిడ్డా," అంది ఆమె. "నా రొట్టె ఒక్కన్నన్న ఇంట్ల ఆపింది. తిన్నవు గనకనే నా ముందర కూసున్నవు. నువ్వు సుత పోయి ఉంటె నేను ఇయ్యాల ఎవలికి పెడుదును రా? నోరు తెరువు."

గాజులు పైకి జరిగాయి. ఆగాయి. కిందికి జారాయి.

అంటే నలిగింది మెదడు అడుగు కాదు. దెబ్బ అక్కడిదాకా పోలేదు. ఆ నువ్వుగింజంత చోటు చెక్కుచెదరకుండా ఉంది, వాడికి ఆకలి ఉంది, పదకొండు రోజులుగా ఉంది, ఆకలి వేసినప్పుడల్లా ఆ రొట్టె నోట్లోకి వచ్చింది, అందుకే జరిపేశాడు. నాకు నవ్వొస్తున్నది, ఇదెక్కడి మనిషిని నేను, తమ్ముడి గుండె పగిలిందని తెలిసి సంతోషిస్తున్నాను! అవును, సంతోషిస్తున్నాను, ఎవరికి చెప్పుకోను, దుఃఖమే, ఉత్త దుఃఖమే, దుఃఖమైతే మనిషి చేతికి అందుతుంది. పదిహేడో నంబరు ఏ చేతికీ అందలేదు. ఒంట్లో ఎక్కడెక్కడో పట్టి ఉంచినవన్నీ వదులుతున్నాయి, మెడ, దవడలు, నడుము, ఇన్ని రోజులు పళ్లు కరుచుకునే పడుకున్నానని ఇప్పుడే తెలిసింది. పొట్టేలు కూర పెడితే పెట్టనీ. వాంతి అయితే అవనీ, మళ్లీ తింటాడు. మళ్లీ తింటాడు అనే మాట మనసులో రెండుసార్లు అనుకున్నాను, ఎంత బాగుందో ఆ మాట. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నది, వీపు ఎగిరెగిరి పడుతున్నది, నేను ఆ వీపు మీద చెయ్యి వేశాను.

పదిహేను దాకా లెక్క ఉంది. ఆ తర్వాత వాన అందుకుంది. మిరుగు వచ్చి వారమైనా పత్తా లేని వాన, ఇప్పుడే రావాలా దీనికి, గూనపెంకుల మీద ఒకటే మోత, లోపల గాజులూ వినిపించవు, గిన్నే వినిపించదు. చెవి గోడకు ఆనించాను. ఉహూ. ఎన్నో ముద్ద? పదహారా, ఇరవయ్యా? మొదట గాబరా పడ్డాను, తర్వాత ఆ గాబరా కూడా పోయింది. ఎన్నైతే ఏం! ఆరేళ్లలో ఒక్క గ్రాము వదలకుండా రాసినవాణ్ణి, నా తమ్ముడు తిన్న ముద్దలు వానలో కలిసిపోతుంటే హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. చూరు నుంచి నీళ్లు ధారలుగా పడుతున్నాయి, ఎర్రమట్టి చిమ్మి నా పాదాల మీద పడుతున్నది. చిన్నప్పుడు వీళ్లిద్దరూ ఈ చూరు కిందనే తలలు పెట్టి నిలబడేవాళ్లు, జలుబు చేస్తుందని అవ్వ చీపురు పట్టుకుని వస్తే అటొకడు ఇటొకడు పరుగెత్తేవాళ్లు, రాజమౌళి సడక్ దాటి అవతల నిలబడి, నన్ను కొట్టలేవు పెద్దమ్మా అని ఎగిరేవాడు. వాడు లేడు. వాడు లేడన్నది కూడా ఇన్ని రోజులకు ఇప్పుడే నాకు అందినట్టుంది, తమ్ముడి మీద భయంతో దానికి చోటే ఇవ్వలేదు. ఎంత నవ్వించేవాడు! నేను కూడా ఏడ్చాను, వాన చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది.

"అవ్వా! ఇంక జర కూరెయ్యి!"

వాన మోతను మించి అరిచాడు. స్వామిదాసు అరిచాడు. కూర వెయ్యమని అరిచాడు! మింగడం వేరు, అడగడం వేరు, అది నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నోట్లో పెడితే మింగే ఎలుకను కూడా మేము బాగైందనం, లేచి వచ్చి తనంతట తాను గిన్నె దగ్గరికి పోవాలి, అప్పుడే పేజీ మూసేస్తాం. అవ్వ నా వైపు తిరిగింది. మొహమంతా తడి. "ఇన్నవా రా?" అంది. విన్నాను అవ్వా. విన్నాను. పక్క గదిలోకి పోయి నోటుబుక్కు తీసి వాడి పేరున్న పేజీ చింపి ఉండ చేసి వానలోకి విసిరాను. కాలువలో కొట్టుకుని సడక్ వైపు పోయింది.

వాన తగ్గుతుండగా శంకరమ్మ బయటికి వచ్చింది. చూరు నీళ్ల కింద చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "నిద్ర పట్టింది. లేపకుండ్రి" అని అరుగు మీద నాకు కాస్త ఎడంగా కూర్చుంది. పక్క గది తలుపులోంచి బోనులు కనిపిస్తే, "గివేనా నీ ఎలుకలు? తింటున్నయా?" అని అడిగింది. తింటున్నాయన్నాను. "మంచిది" అంది. ఆమె సడక్ వైపు చూస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"పిట్ట ముట్టలే బిడ్డా."

నాకు అర్థం కాలేదు. "అదేంది చిన్నమ్మా?"

"మూడో నాడు ముట్టలే. ఇయ్యాల సుత ముట్టలే. పొద్దు పొడవంగ పెట్టినం. వాని నాయన, మీ కుర్మయ్య కాక మాటిచ్చిండు, వాని మేనమామ మాటిచ్చిండు, నేను ఇచ్చిన. చెట్టు మీద కూసుంటయి, చూస్తయి, కిందికి దిగయి. ఇంక వీనికేం కావాలె, ఏం మరిసినం అని అందరం మొత్తుకున్నం. గప్పుడు స్వామిదాసు యాదికొచ్చిండు. పదకొండొద్దుల సంది తింటలేడని ఇన్న నేను. గంతే, మిగిలిన కూడు నెత్తిన పెట్టుకుని వచ్చిన. పిట్ట ముట్టిందనుకున్నది మీ అవ్వ. నేను ఏమనలే."

"మరి?"

"మరేంది?" నా వైపు తిరిగింది. ఎర్రబడిన కళ్లు, కానీ ఆ కళ్లలో వచ్చినప్పుడు లేనిది ఏదో ఉంది. "గిప్పుడు ముట్టింది."

గిన్నె అందుకుని లేచింది. "మీ కాక గట్టు మీదనే కూసున్నడు, వానల తడుస్తున్నడో ఏమో. ఆకు ఇడిసి రాడు. పోయి చెప్పాలె." రెండడుగులు వేసి స్తంభం పట్టుకుని ఆగింది. మళ్లీ కూర్చుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, అది తనది కానట్టు ఆశ్చర్యంగా చూసుకుంది. "ఆకలైతున్నది" అంది. ఆ తర్వాత గడప వైపు తిరిగి, "అక్కా, ఇంత బువ్వుంటె పెట్టరాదు."

అవ్వ కొయ్యబారిపోయింది. "మా ఇంట్లనా?"

"నా కొడుకు తినలేదా మీ ఇంట్ల? చెప్పకు చెప్పకు అని తిని పోతుండె, వాని మూతి చూస్తె నాకెరుకగాదా?"

అవ్వ నవ్విందో ఏడ్చిందో గానీ వంటింట్లోకి పరుగెత్తింది, కంచాలు ఒకదాని మీద ఒకటి పడిన చప్పుడు, చర్చి కుండ మూత తీసిన చప్పుడు. దాచిన ఆ పిడికెళ్లు తీసి వండుతుంది కాబోలు, వండనీ. నేను సైకిలు తీశాను. నువ్వు తిను చిన్నమ్మా, కాకకు నేను పోయి చెబుతానన్నాను. సడక్ మీద నీళ్లు పారుతున్నాయి, చిల్కూరు దారిలో బురద, చక్రం జారుతున్నది, అయినా తొక్కుతున్నాను, నాకూ ఆకలి వేస్తున్నది, ఎన్ని రోజులైందో కడుపు ఇట్లా మండి. కుర్మయ్య కాక గట్టు మీద ఆ ఆకు ముందర కూర్చుని ఉంటాడు. కంటితో చూడనిది ఆరేళ్లలో ఒక్క ముక్క రాయలేదు నేను. కాకా, ముట్టింది అని చెబుతాను. నువ్వు చూసినవా అని అడుగుతాడు. విన్నాను అంటాను.